వలస అని నొక్కితే

వనితకు కోపం వస్తే గొంతు పెరగదు, పని పెరుగుతుంది. కోరుట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది, ఆదివారమైతే బస్సెక్కి సిరిసిల్ల వస్తుంది. ఈ ఏడు వచ్చిన ఆదివారాలన్నీ తండ్రి మంచం పక్కన కూచుని ఒక్క బటన్ కోసం కొట్లాడింది.

తండ్రి సాంబయ్య సాంచెల మీద బతికిన మనిషి. సాంచె అంటే మరమగ్గం. అవి ఆగితే సిరిసిల్లలో పొయ్యి ఆగుతుంది. కిందటేడు టీబీకి గోలీలు మింగుతుండగానే సాంచెలు బంద్ అయ్యాయి. కోర్సు సగంలో ఉండగానే, మగ్గాల పని దొరికే మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కాడు. నెలనెలా దవాఖానలో గోలీలు తీసుకుని, అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపుతానంది భార్య బాలమణి.

వాడకట్టు ఆశ కార్యకర్త జమున వచ్చి సాంబన్న ఏడని అడిగింది. బాలమణి ఉన్నదున్నట్టు చెప్పింది. జమున కూడా ఉన్నదున్నట్టే తన ఫోన్‌లోని యాప్‌లో "వలస పోయారు" అని నొక్కింది. అంతే, సాంబయ్య పేరు మాయమైంది. పేరు లేనివాడికి మందు రాదు. జమున పైవాళ్లకు ఫోన్ చేస్తే, కంప్యూటర్ తీసేసింది, మేమేం చేస్తాం అన్నారు. భీవండిలో గోలీలు అందకపోయినా సాంబయ్య, ఎట్లాగూ దగ్గు తగ్గింది కదా అని ఊరుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి కఫంలో రక్తం పడుతోంది. పాత గోలీలు ఇక పనిచేయవనీ, ఇంకా ఘాటైనవి ఇంకా ఎక్కువ కాలం మింగాలనీ చెప్పి, డాక్టర్ ఆయన పేరు కొత్త రోగిగా రాయించాడు.

వనిత ఆ యాప్ సంగతి తవ్వింది. అది ఓపెన్ సోర్సు. అంటే దాని కోడ్ ఇంటర్నెట్‌లో అందరి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. నడిపేవాళ్లు ఒప్పుకుంటే ఆ దిద్దుబాటు అందరి ఫోన్లలోకీ వస్తుంది. ఆమె కూచుని చదివింది. చనిపోయినవాళ్ల విషయంలోనూ, వలస పోయినవాళ్ల విషయంలోనూ కోడ్ చేసేది ఒకటే: పేరు మూసెయ్యడం. ఆమెకు ఒళ్లు మండిపోయింది. రాసిన మహానుభావులెవరో గానీ, భీవండికి పోవడమూ కాటికి పోవడమూ వాళ్లకు ఒకటే.

దిద్దింది. "పోయారు, మళ్లీ వస్తారు" అని ఇంకో బటన్ పెట్టి, అది నొక్కితే పేరు చెరగకుండా ఉండేట్టు రాసి పంపింది. ఆమె తొందర ఆమెది. కొత్త మందుతో సాంబయ్య తేరుకున్నాడు, కఫం పరీక్ష బాగుంది, మందు మాత్రం ఇంకా నెలల తరబడి మింగాలి, సాంచెలేమో మళ్లీ ఆగేట్టున్నాయి. ఆయన మళ్లీ బస్సెక్కేలోగా ఆ బటన్ జమున ఫోన్‌లోకి రావాలి. ఈసారి మందు ఆగితే, ఆ తర్వాత ఇవ్వడానికి డాక్టర్ దగ్గర కూడా ఏమీ లేదు.

యాప్ నడిపేవాళ్ల జవాబు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా వచ్చింది. ఆ మర్యాద చూసి ఇంకా మండింది. తండ్రికి తెలుగులో చెప్పింది.

"వలస పోయినోళ్లల్ల ఒక్కడు గూడ వాపస్ అచ్చినట్టు మా లెక్కల లేదు, గందుకే గిది అవసరం లేదంటున్నరు బాపూ."

సాంబయ్య మంచం మీద లేచి కూచున్నాడు. "మరి నేనెవర్ని బిడ్డా?"

పేరు చెరిపేది వాళ్లు. చెరిపిన పేరు తిరిగొచ్చినట్టు లెక్కలో ఎట్లా కనబడుతుంది? బస్సు బంద్ పెట్టి, ఈ ఊరికి ప్రయాణికులే లేరన్నట్టుంది వాళ్ల తెలివి. వనిత ఆ మాటే రాసింది, మర్యాద పక్కన పెట్టి రాసింది. మా నాన్న తిరిగొచ్చాడు, ఇప్పుడు నా పక్కనే కూచున్నాడు, మీ లెక్కలో మాత్రం ఎవరో కొత్త రోగి, అని.

ఒప్పుకున్నారు. క్షమించమని కూడా రాశారు. వచ్చే వెర్షన్‌లో కలుపుతామన్నారు. వచ్చే వెర్షన్ దసరా తర్వాత. ఆ మాట చెప్పిన రోజుకు సాంచెలు ఆగిపోయాయి, సాంబయ్య బస్సు మర్నాడే.

ఆ సాయంత్రం జమున ఇంటికొచ్చింది. గడప దగ్గర కూచుని ఫోన్ తీసింది గానీ నొక్కలేదు.

"వేరే వాడలల్ల ఆశలందరు 'ఇంటికి తాళం' అని నొక్కుతరట వనితా. తాళం అంటే పేరు పోదు. మొన్న మీటింగుల తెల్సింది. నిజం నొక్కి మీ బాపును ముంచింది నేనొక్కదాన్నే."

వనిత పళ్లు కొరుక్కుంది. నిజం చెప్పినా మందు ఆగకూడదనే కదా ఇన్ని నెలలు కొట్లాడింది. లోపల బాలమణి చాయ్ పెడుతోంది. సాంబయ్య సంచిలో బట్టలు సర్దుకుంటున్నాడు.

"తాళమే నొక్కు అక్కా," అంది.

జమున నొక్కింది. బాలమణి ఇచ్చిన చాయ్ తాగి, సాంబన్నకు జాగ్రత్తలు చెప్పి, తెరిచిన తలుపులోంచి బయటికి పోయింది.