బాపమ్మకు కళ్ళు తిరిగిన పండగ

ఆ రోజుల్లో నాకు తెలిసినంత డ్రిఫ్టింగు సూరత్ మొత్తంలో ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. తెలియడమంటే చేయడం అనుకునేరు. చూడడం. పందొమ్మిదేళ్ళ వాడి ఫోనులో నెట్టు, జేబులో ఒక వ్యాను తాళంచెవి ఉంటే మిగతా విద్య దానంతట అదే వచ్చేస్తుందనుకునే వయసు అది. పాండేసర మిల్లుల్లో రంగులద్దిన చీరల మూటల్ని రింగ్ రోడ్ మార్కెట్లకు చేరవేసే మా మేనమామ వ్యానుకు నేనే డ్రైవర్ని. ఆ మార్కెట్ల ముందు మూటలూ, బండ్లూ, మోసే వాళ్ళూ కలిసి చేసే సందట్లో రెండో గేరు దాటడమే గొప్ప. అలాంటి వాణ్ణి అన్నం ముందు కూర్చుని చూసేవన్నీ ఎక్కడో జపాను కొండదారుల్లో పొగలు కక్కుతూ అడ్డంగా జారిపోయే కార్లు. మరమగ్గాల మీద పనిచేసే మా బాపు, అంటే మా నాన్న, ఒకసారి నా భుజం మీదుగా తొంగిచూసి, "పాపం, వీనికి బండి తోలుడు రాదేమోరా, అడ్డం పోతున్నది" అని జాలిపడ్డాడు. నేను మా బాపును చూసి జాలిపడ్డాను.

తెలియని వాళ్ళ కోసం ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి (అప్పట్లో అడగని వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి). డ్రిఫ్టింగంటే బండిని కావాలని జారనివ్వడం. మలుపు రాగానే హ్యాండ్ బ్రేకు గుంజో, క్లచ్చును ఒక్క తన్ను తన్నో వెనక చక్రాల పట్టు తప్పించాలి. బండి వెనక భాగం బయటికి జారగానే స్టీరింగును మలుపుకు ఎదురు దిక్కుకు తిప్పాలి, యాక్సిలరేటరు పూర్తిగా వదలకూడదు, చూపు బండి ముక్కు మీద కాకుండా మనం పోవాల్సిన చోటు మీద ఉండాలి. దీనికి ఇంజను బలం వెనక చక్రాలకు అందే బండయితే మంచిది. సేఠ్‌ల మెరిసే కార్లలో చాలావాటికి ఆ బలం ముందు చక్రాలకే పోతుంది. మా మామ డొక్కు వ్యానుకు మాత్రం వెనక చక్రాలకు! ఈ సంగతి కనిపెట్టిన రోజున నేను ఆ వ్యానుకు కొబ్బరికాయ కొట్టడమొక్కటే తక్కువ. ఎప్పుడూ ఏదో ఒకటి వీడియో తీస్తూ ఉండే మా కాలనీ దోస్తు ఒకడున్నాడు, అందరం వాణ్ణి కెమెరా అనే పిలిచేవాళ్ళం. వాడు విని, "అరే యార్, నీ డబ్బా తో అస్లీ డ్రిఫ్ట్ కార్ ఛే!" అని, నా డబ్బాయే అసలైన డ్రిఫ్టు కారని తేల్చేసి, నన్ను కౌగలించుకున్నాడు.

ఇక బాపమ్మ. మా బాపు తల్లి. మేముండే కోసాడ్ కాలనీలో బతుకమ్మ పాటకు ఆమే పెద్దదిక్కు. ఊరంతా గర్బా ఆడుతూ తిరిగే ఆ రోజుల్లోనే, తెలంగాణ నుంచి వలసొచ్చిన మా ఆడవాళ్ళు కాలనీ మైదానంలో బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్ళు. బాపమ్మ పాట ఎత్తుకుంటే తప్ప ఒక్క చప్పట్టు పడేది కాదు. ఏడాదంతా మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషి ఆ తొమ్మిది రోజులు మాత్రం ఏ మందూ లేకుండా తిరిగేది. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు మధ్యాహ్నం, తంగేడు పూలు కావాలని నా వ్యానెక్కింది. అమ్రోలీ అవతల, ప్లాట్లు వేయడానికి చదును చేసి వదిలేసిన నేల పక్కన తంగేడు పొదలున్నాయి. ఆ నేల వానకు నాని అద్దంలా ఉంది. నాకు పూలు కనపడలేదు, ఆ నేలే కనపడింది. బాపమ్మను పొదల దగ్గర దింపి, "నిమ్మళంగ కోసుకో బాపమ్మా, జరసేపైనంక నేనే వచ్చి తోల్కపోత" అన్నాను. "మంచిది కొడుకా, మెల్లగ తోలు" అంది.

ముందే కబురు పెట్టాను కాబట్టి అప్పటికే కెమెరా అక్కడికి వచ్చి ఉన్నాడు. వ్యాను ఒక పక్కన ఆపి ఇద్దరం నేల చూడ్డానికి నడిచాం. రాళ్ళు ఏరాం, ఏ వైపు నుంచి తీస్తే నేను అందంగా కనపడతానో వాదించుకున్నాం. ఆ వాదన చాలాసేపు సాగింది. ఈలోగా బాపమ్మ ఒడినిండా పూలు కోసుకుని, మోకాళ్ళు నొస్తుంటే నా కోసం ఎదురుచూడకుండా తానే వ్యాను దాకా వచ్చి, తెరిచి ఉన్న పక్క తలుపు లోంచి ఎక్కి, మూటలు కట్టే గుడ్డల మీద పడుకుని నిద్రపోయింది. మేం చూడలేదు. తలుపు తెరిచి ఉంటే వీడియోలో బాగుండదని కెమెరా దాన్ని బర్రున మూశాడు, లోపలికి చూడకుండానే. నేను ముందు సీట్లో కూర్చుని నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. వెనక్కి చూడలేదు. డ్రిఫ్టు చేసేవాళ్ళు వెనక్కి చూడరని నా అభిప్రాయం.

స్పీడందుకుని, స్టీరింగు తిప్పి, హ్యాండ్ బ్రేకు గుంజాను. వెనక చక్రాల పట్టు తప్పింది, అంతవరకు శాస్త్రం ప్రకారమే. ఆ తర్వాత ఎదురు తిప్పాల్సిన స్టీరింగును గట్టిగా వాటేసుకున్నాను, కాళ్ళు రెండూ వాటంతట అవే పైకి లేచాయి, పోవాల్సిన చోటు మీద ఉండాల్సిన చూపు మూసిన రెప్పల వెనక ఉంది. వ్యాను బొంగరంలా గిరగిరా తిరిగి, బురదలో సగం దిగబడి, వచ్చిన దారికేసి చూస్తూ ఆగింది. దాన్ని డ్రిఫ్టు అనరు. కానీ కెమెరా ఈలలు వేస్తుంటే నేను దిగి చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను. అప్పుడు పక్క తలుపు మెల్లగా తెరుచుకుంది. నెత్తి నిండా, రైక నిండా, చెవుల్లో కూడా తంగేడు పూలతో బాపమ్మ.

"కొడుకా... కండ్లు తిరుగుతున్నయ్‌రా. భూమంత గిరగిర తిరిగింది" అంది.

ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నా నోరు విప్పుకుంది గానీ, అందులోంచి వచ్చింది వేరు: "ఎండకు గట్లనే అయితది బాపమ్మా, నీళ్ళు తాగు" (మబ్బు పట్టి ఉంది). ఆమె నా మాట నమ్మింది. నన్నెప్పుడూ నమ్మేది.

ఇంటికి రాగానే బాపు కంగారుపడి ఆమెను క్లినిక్కుకు తీసుకుపోయాడు, సాక్షిగా నన్నూ. డాక్టరు గుజరాతీ ఆయన, "బా (అమ్మా), ఎలా అయింది?" అని హిందీలో అడిగితే బాపమ్మ నా వైపు చూపించింది. నేను, సిగ్గులేని వాణ్ణి, ఒక పక్కకు ఒరిగి మరీ అభినయించి చూపాను: "ఇట్ల ఒరిగింది సాబ్, కండ్లు తేలేసింది." ఆయన మాత్రలు రాశాడు, మెడకు తెల్లటి పట్టా బిగించాడు, పండగైపోయే దాకా గుండ్రంగా తిరగడం బంద్ అన్నాడు. "తిరగకుంటే బతుకమ్మ ఎట్లాడుతరు సాబ్?" అంది బాపమ్మ. దానికాయన దగ్గర మందు లేదు.

మర్నాటి నుంచి బాపమ్మ మెడ పట్టాతో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కింద మైదానంలో పాట ఎవరో ఎత్తుకునేవాళ్ళు, మధ్యలో తప్పేవాళ్ళు. ఇక్కడ ఈమె పెదవులు కదిలేవి. మెడ తిప్పడం కుదరదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి నన్ను అడిగేది: "పక్కనే ఉంటివి గద కొడుకా, గట్టిగనే వచ్చిందా నాకు? మల్లొచ్చే పండుగకు ఉంటనంటవా?" నేను ఫోన్లోకి చూస్తూ, "ఏం గాదు బాపమ్మా" అనేవాణ్ణి. చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. బాపు చెప్పు గుర్తొచ్చేది, మామ వ్యాను గుర్తొచ్చేది, నోట్లో అన్నం పెట్టుకుని లేచిపోయేవాణ్ణి. ఆ వీడియో తీసెయ్యమని కెమెరాను బతిమాలాను. "డిలీట్ చేసిన యార్, లేకిన్ గ్రూపులకు ముందే పోయింది" అన్నాడు, సంతోషంగా.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం బాపు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఫోను బల్ల మీద పెట్టాడు. మగ్గాల దగ్గర ఎవరో చూపించారట. "నీ మామ బండి గాదురా ఇది?" అన్నాడు. కెమెరా దానికి 'సూరత్ కా డ్రిఫ్ట్ కింగ్' అని పేరు కూడా పెట్టాడు. బాపమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వ్యాను తిరిగింది. వ్యాను వెనక కిటికీ అద్దంలో పసుప్పచ్చ పూలు చాటలో చెరిగినట్టు లేచాయి, వాటి మధ్య నుంచి గాజుల చేయి ఒకటి వచ్చి అద్దానికి అతుక్కుంది.

"ఆగు. మల్ల పెట్టు" అంది బాపమ్మ. మళ్ళీ పెట్టారు. "గా గాజులు నాయే." బాపు వంగి చెప్పు తీశాడు. నేను తల దించుకున్నాను.

"అంటే తిరిగింది నా కండ్లు గాదు. బండి."

"అవు బాపమ్మా."

"నాకు రోగం లేదు."

"లేదు బాపమ్మా."

"ఎన్ని దినాలాయెరా! నేను సస్తనేమో అనుకుంటి" అంది. కోపంగా అనలేదు. అందుకే అది చెప్పుదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తర్వాత తన మెడ పట్టాను చర్రున లాగేసి, బాపును పక్కకు జరిపి, దాన్ని నా మెడకు బిగించింది. "తల వంచుకుంటే పాపం పోతదా? తల ఎత్తుకొని రా, నలుగురు సూడాలె" అంది.

మెడకు ఆ పట్టా ఉంటే తల వంచడం కుదరదు. ఇది నేను ప్రత్యక్షంగా తెలుసుకున్నాను. కాలనీ మైదానం అంచున, పెళ్ళిచూపుల్లో కూర్చున్న వాడిలా గడ్డం పైకెత్తుకుని నిలబడ్డాను, ఎటు చూద్దామన్నా ఎదుటి వాళ్ళ కళ్ళే. వీడియో చూడని వాళ్ళు అక్కడ ఎవరూ లేరు. నేల చీల్చుకుని లోపలికి పోదామన్నా ముందు కిందికి చూడాలి కదా! బాపమ్మ కొంగు బిగించి పాట ఎత్తుకుంది. ఒక్కసారిగా చప్పట్లు పడ్డాయి. చుట్టు తిరిగి నా ముందుకు వచ్చినప్పుడల్లా నా ముఖంలోకి చూసి, ఆ ఒక్క చప్పట్టు కాస్త గట్టిగా కొట్టి ముందుకు సాగిపోయేది.

ఆ తర్వాత చాలా పండగలు ఆడింది బాపమ్మ. ఇప్పుడు లేదు. నేను బడిపిల్లల వ్యాను నడుపుతున్నాను. సైకిళ్ళు కూడా నన్ను దాటిపోతాయని పిల్లలకు చిన్నతనంగా ఉంటుంది. తాళం తిప్పే ముందు సీటు మీద పూర్తిగా వెనక్కి తిరిగి, బండి లోపలంతా చూస్తాను. "కాకా, పాఛళ్ కోణ్ ఛే?" అని అడుగుతారు, వెనక ఎవరున్నారని. పూలు కోసుకుని ఎవరైనా ఎక్కి పడుకున్నారేమోనని, అంటాను. వాళ్ళు నవ్వుతారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చేతులు పైకెత్తి నిలబడ్డ ఆ పోరడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను, కానీ ఇంకోసారి వెనక్కి చూసుకున్నాకే బండి కదుపుతాను.