గోళీల మిషను మీది ముఖం

మా ఇంట్లో వస్తువులకు ముసుగులెక్కువ. టీవీకి పూలగుడ్డ, మిక్సీకి గౌను, రిమోటుకు ప్లాస్టిక్ కవరు. కొత్త కుర్చీలకు షాపులో చుట్టిన కవరు చిరిగి పీలికలై వేలాడుతున్నా తీయనిచ్చేవాడు కాదు మా బావ. బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. పెళ్ళికి ముందు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేశాడు. గాలి తగలకుండా మూట కడితే ఏ వస్తువైనా ఎన్నాళ్ళయినా పాడవకుండా ఉంటుందని అక్కడ నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ మానేశాడు గాని ఆ నమ్మకం మానలేదు.

తొంభయ్యో దశకం చివర్లో కాశీబుగ్గలో మైకుసెట్లు, సీరియల్ సెట్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. అమ్మవారి సంబరాలకు, పెళ్ళిళ్ళకు, క్రిస్మస్‌కు మా చర్చికి రంగు బల్బుల దండలన్నీ మా కొట్టునుంచే వెళ్ళేవి. తెగిన దండలకు సోల్డరింగు చేసే పని నాది. నా చెయ్యి వణకదని బావ నలుగురిలో గొప్పగా చెప్పేవాడు. చెప్పి, మరో నాలుగు దండలు నా ముందు పడేసేవాడు.

ఒకసారి పాత యాంప్లిఫయరు కొంటానని విశాఖపట్నం వెళ్ళినవాడు, పోర్టు దగ్గర తుక్కు సామాన్లలోంచి నాలుగు కాళ్ళ బల్ల ఒకటి వ్యానులో వేసుకొచ్చాడు. బల్ల మీద గాజు. గాజు కింద మేకులు, రబ్బరు బుడిపెలు, ఒక ఇనప గోళీ. స్ప్రింగు లాగి వదిలితే గోళీ పైకెళ్ళి, దేనికో ఒకదానికి కొట్టుకుంటూ కిందికి దిగుతుంది. కింద రెండు రెక్కలుంటాయి. వాటితో కొడుతూ గోళీని గుంటలో పడకుండా చూసుకోవాలి. దాన్ని పిన్‌బాల్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది. మాకది గోళీల మిషనే.

"ఏటి బావా ఇది? యాంప్లిఫయరని సెప్పి పాడె మోసుకొచ్చీసినావా?" అన్నాను.

"ఎలిగినప్పుడు సూడు, అప్పుడు మాటాడు," అన్నాడు.

వెలిగించడం అంత తేలిక కాలేదు. అది ఏ దేశంలోనో పుట్టింది, మన కరెంటు దానికి ఎక్కువ. ముందొక ట్రాన్స్‌ఫార్మరు చుట్టించాడు. లోపలి తీగలు ఉప్పుగాలికి పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. చిన్న చిన్న బల్బులు సగానికి పైగా మాడిపోయాయి. అలాంటివి పలాసలో దొరకలేదు, టెక్కలిలో దొరకలేదు. చివరికి సైకిలు షాపుకు వెళ్ళి డైనమో బల్బులు తెచ్చాడు, హోల్డర్లు కూడా వాటికి తగ్గట్టు మార్చేశాడు. రోజూ అన్నం వార్చాక కూర్చుని ఒక్కో తీగా అతికించాను. తిట్టుకుంటూనే అతికించాను.

దీపాలు పెట్టే వేళకు స్విచ్చి వేశాడు. బల్లకు వెనక ఒక పెట్టె నిలబడి ఉంటుంది. దాని ముందువైపు గాజు పలక, పలకకు లోపలివైపు రంగులతో వేసిన బొమ్మ. పగటిపూట అదేదో మురికి బొమ్మ అనుకున్నాను. వెనక బల్బులు వెలిగేసరికి ఓడ వచ్చింది, అలలు వచ్చాయి, ఓడ అంచు పట్టుకుని నిలబడిన దొరసాని వచ్చింది. మెడలో ఎర్ర గుడ్డ, గాలికి చెదిరిన జుట్టు. డైనమో బల్బుల పసుపు వెలుగు లోపల్నుంచి ఆవిడ ముఖంలోకి వస్తుంటే, పొయ్యి ముందు కూర్చున్న మనిషిలా అనిపించింది. కట్టెపుల్ల ఎగదోయమని అడుగుతుందేమో అన్నంత దగ్గరగా. సోల్డరింగు ఐరన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు ఆ బొమ్మ నచ్చింది, చాలా నచ్చింది. ఆ మాట మాత్రం బావతో అనలేదు. అంటే నెత్తికెక్కుతాడు.

ఆ ఏడాది మిషను సంతబొమ్మాళి వైపు సంబరాలన్నీ తిరిగింది. మా పాస్టరుగారికి అది జూదమేమోనని అనుమానం వచ్చింది. చూడ్డానికని వచ్చి, రెండు గోళీలు ఆడి, జూదం కాదు గాని టైము తినేస్తుందని తేల్చి, ఇంకో గోళీ వేయమన్నారు. గుంపు పలచబడ్డాక నేను స్టూలు వేసుకుని దొరసాని ఎదురుగా కూర్చునేదాన్ని.

సీజను అయిపోయాక ఒకరోజు పెట్టె తుడుస్తుంటే అడుగున రంగు పొడి కనిపించింది. దొరసాని చెంప దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు. డైనమో బల్బు సైకిలు మీద గాలికి చల్లబడుతుంది. మూసిన పెట్టెలో దానికి గాలేది? లోపలంతా పెనంలా కాలుతోంది. ముఖం వెనక బల్బులు ముఖానికి మరీ దగ్గర. బావ ఇంకేమీ ఆలోచించలేదు, అవి పీకేశాడు.

అప్పట్నుంచి ఓడ వెలిగేది, అలలు వెలిగేవి, దొరసాని జుట్టు వెలిగేది, ముఖం మాత్రం చీకటి. ఆడడానికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా. "ఏటన్నా, దొరసాని మొకానికి కరెంటు బిల్లు కట్నేదా?" అనేవారు. బావ నవ్వేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"ఆదివారం ఒక్కపూట బల్బులెట్టు బావా, సూసుకుని తీసెద్దాం," అని అడిగాను.

"వద్దే. రాలిపోద్ది. సెయ్యి కాలని, ఏడి నేని బల్బులు వత్తన్నాయంట, అవొచ్చినాక రోజూ ఎలిగిద్దాం. దాసితే ఎక్కడికి పోద్ది?"

మా తమ్ముడి పెళ్ళికి వచ్చిన ఫొటోగ్రాఫరు చేత దొరసానికి ఒక్క ఫొటో తీయిద్దామన్నాను. రీలు దండగ అన్నాడు. దీపం లేని ముఖాన్ని తీస్తే ఏం బాగుంటుంది, వెలిగినప్పుడే తీయిద్దామన్నాడు. ఆ మాట సబబుగానే తోచింది నాకు. అందుకే ఊరుకున్నాను.

తర్వాత టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేములు ఇంటింటికీ వచ్చాయి. గోళీల మిషను అడిగేవాళ్ళు తగ్గారు. బావ దాన్ని కొట్టు వెనక గదిలోకి చేర్చి, గాజు పలక విప్పి ఇంటికి తెచ్చాడు. జీడిపప్పు డబ్బాల్లో వేసే మందపాటి పాలిథీను తెచ్చి దానికి రెండు చుట్లు చుట్టాడు. అంచులు కొవ్వొత్తి మంట మీద కాచి నొక్కాడు. చీమ దూరే సందు లేకుండా అతికాక, పైన గోనెసంచి కట్టి అటకెక్కించాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. ముసురు పట్టి ఉంది బయట. ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారిపోతోంది, గోడలు చెమ్మగిల్లాయి. అవన్నీ నాకు గుర్తున్నాయి. అప్పుడు మాత్రం ఏ ఒక్కటీ పట్టించుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. చైనా నుంచి కొత్తరకం సీరియల్ సెట్లు దిగాయి, ఎల్ఈడీలవి. మొదటి దండ ఇంట్లోనే వెలిగించి బావ బల్బును పిడికిట్లో పట్టుకున్నాడు, మళ్ళీ విడిచి, కాలని అరచెయ్యి చూసుకున్నాడు.

"ఏడి నేదే!" అన్నాడు. నేను అప్పటికే అటక వైపు చూస్తున్నాను.

విడి ఎల్ఈడీలు విశాఖపట్నం నుంచి తెచ్చాడు. చూస్తే బియ్యపు గింజంత, రెండు కాళ్ళు, కాళ్ళు తారుమారైతే వెలగవు. ఒక్కోదానికి కరెంటు తగ్గించే రెసిస్టరు ఒక్కోటి అతికించాను. మొదట అన్నీ కన్ను అదిరినట్టు అదిరాయి. బావ డయోడ్లు, కెపాసిటరు వేసి కరెంటును నిలకడ చేశాడు. తెల్లటి వెలుగు, ఆసుపత్రి వెలుగు. ముఖం వెనక మాత్రం పసుపు జిలాటిన్ కాగితం అడ్డం పెట్టమని పట్టుబట్టాను. పెట్టాడు. పాత వెలుగు కాదు గాని, దానికి పినతల్లి కూతురిలా ఉంది. ఫొటోగ్రాఫరుకు కూడా చెప్పి ఉంచాడు.

పలక దింపాం. నేను చేతులు కడుక్కుని కూర్చున్నాను. బావ బ్లేడుతో అంచు కోశాడు. పాలిథీను లోపలివైపు తెల్లగా మరకలు కట్టి ఉంది. ఓ చివర్నుంచి లాగుతుంటే ఓడ దగ్గర బాగానే విడింది. నడుమకొచ్చేసరికి అంటుకుంది.

"లాగకు బావా."

"మెల్లగానే లాగతన్నాను."

ముఖం పాలిథీనుతో వచ్చేసింది. నుదురు, ఒక కన్ను, పగుళ్ళ చెంప, అన్నీ. పాలిథీను మడతపడగానే ఆ కన్ను కూడా పొడై నా ఒళ్ళో రాలింది.

బావ పాలిథీను లోపలి మరకల మీద వేలితో రాశాడు. తర్వాత, "ఆరబెట్టనేదు," అన్నాడు. "పప్పునైతే ఆరబెట్టీసి గాని కట్టీవోడ్ని కాదు. గాజుకి తడేటనుకున్నాను."

నాకు జాలి రావాలి. రాలేదు. కోపం వచ్చింది. అరిచాను. ముఖం కాలిపోతుందని భయపడ్డావు గదా, కాలనివ్వాల్సింది, కాలేలోపు రోజూ చూసుకుని ఉండేదాన్ని అన్నాను. కుర్చీల కవర్ల దగ్గర్నుంచి అన్నీ ఎత్తి తిట్టాను. బావ పొడిని ఒక కాగితంలోకి ఎత్తుతూ కూర్చున్నాడు. ఆ పొడితో ఏం చేద్దామనుకున్నాడో అడగలేదు.

అయినా పలక బిగించాం, చేసిన పని ఊరికే పోతుందని. ఓడ, అలలు, జుట్టు, ఎర్ర గుడ్డ తళతళలాడాయి. ముఖం ఉండాల్సిన చోట ఉత్త గాజు, దాని వెనక పసుపు కాగితం, గుండ్రంగా. నిమ్మాడ వైపు ఒక సంబరానికి తీసుకెళ్తే, మనవరాలిని ఎత్తుకున్న ముసలమ్మ ఒకామె మెచ్చుకుంది.

"సందమామని బలే ఎట్టినారు నాయినా, సముద్దరం మీద," అంది.

బావ నా వైపు చూశాడు. "అవునమ్మా," అన్నాడు ఆమెతో.

ఇప్పుడు మిషను లేదు. మా దగ్గర మిగిలింది ఒక తగువు. ఆ దొరసాని నవ్వుతూ ఉండేదని బావ అంటాడు. నవ్వు కాదు, ఏదో చెప్పబోయి ఆగినట్టు ఉండేదని నేనంటాను. తేల్చడానికి ఫొటో లేదు. అన్నేళ్ళు మా కప్పు కిందే ఉంది ఆవిడ, వెలుగులో మేం చూసింది మాత్రం ఒక్క సీజను.

మొన్న భోంచేస్తూ మళ్ళీ ఎత్తాడు. "నవ్వీదా, నేదా? పంతానికి పోకుండా నిజం సెప్పు."

"నవ్వీదిలే బావా," అన్నాను. గెలిచానని మురిసిపోయి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నాకైతే ఆవిడ ముఖం గుర్తులేదు.