రంగూను పురుగులు

రాజోలు జీవరత్నం మిషను బడిలో దొరసానమ్మ దగ్గర పువ్వులూ తీగలూ కుట్టడమే నేర్చుకుంది. కానీ ఆమె చెయ్యి ఎప్పుడూ పురుగుల మీదికే పోయేది. చెల్లెలు సత్యవేణి వల్ల వచ్చిన అలవాటది. తల్లి పోయాక జీవరత్నమే పెంచిన పిల్ల. జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపుతూ, "దీన్ని కుట్టవే అక్కా" అని వెంటపడేది.

జీవరత్నం గుడ్డ మీద దూది పెట్టి, దారంతో అడ్డంగా కుట్టి పురుగు వీపు ఉబ్బెత్తుగా తెచ్చేది. పాత పట్టుచీరల అంచులోంచి లాగిన జరీపోగు సూదికి ఎక్కిస్తే తెగిపోతుంది. అందుకని దాన్ని పైన పరిచి, సన్నని పట్టుదారంతో అక్కడక్కడా పట్టి కుట్టేది.

1940లో సత్యవేణి మొగుడు కృపానందంతో రంగూను వెళ్లింది. అతనికి అక్కడ బియ్యం మిల్లులో పని. ఆమె నెలకో ఉత్తరం రాసేది. "అక్కా, ఇక్కడ తూనీగ అరచెయ్యంత ఉంటుందే. తోక ఎర్రన, రెక్కల అంచు పొగచూరినట్టుంటుంది." ఆ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని జీవరత్నం తను చూడని తూనీగని కుట్టేది. ఒకే తెల్లగుడ్డ మీద ఉత్తరానికో పురుగు. చెల్లెలు వచ్చాక చూపించి, పోలిక కుదిరిందో లేదో అడగాలని ఆశ.

మరుసటి ఏడు క్రిస్మస్ ముందు రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. కొండలు దాటి కాలినడకన బతికొచ్చిన వెంకన్న అనే మిల్లు పనివాడు అంబాజీపేటలో ఉన్నాడని తెలిసి జీవరత్నం పరుగున వెళ్లింది.

"చూసేనండి. సగం దారి మాతోనే వచ్చేరు. కృపానందానికి జ్వరం తగిలిందండి. 'మీరు నడవండి, మేం వెనకాల వస్తాం' అన్నారండి ఆవిడ."

"తర్వాత?"

"నేను ఆగలేదండి," అని వెంకన్న తల దించుకున్నాడు.

వెనకాల వస్తామన్న ఆ ఒక్క మాటనే జీవరత్నం పట్టుకుంది. రేవులో పడవ దిగిన ప్రతి ఆడమనిషి మొహం పరకాయించి చూసేది. పాత ఉత్తరాలు తిరగేసి, చెల్లెలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన పురుగుల్ని కూడా కుట్టింది. కాళ్లెన్నో, కళ్లు ఏ రంగో అడగడానికి మనిషి లేక, ఒక్కోదాన్ని నాలుగేసిసార్లు కుట్టి విప్పేది.

యాభై మూడులో ఆడపిల్లల బడి పంతులమ్మ సూర్యకాంతం గారు ఆ గుడ్డ చూసి విస్తుపోయారు.

"కాకినాడలో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు జీవరత్నం. దీన్ని పంపిద్దాం. నీ పేరు రాసిస్తాను."

"నా పేరొద్దండి. సత్యవేణి, రాజోలు అని రాయండి. నలుగురూ వచ్చే చోటు కదండీ. దాన్ని ఎరిగినవాళ్లెవరైనా చూస్తారేమో."

మూడు వారాలకి గుడ్డ తిరిగొచ్చింది. సత్యవేణి గురించి ఎవరూ అడగలేదట. మొదటి బహుమతి కాగితం మాత్రం ఆమె పేరు మీదే వచ్చింది.

"పేరు మార్పించి తెస్తానుండు," అన్నారు సూర్యకాంతం గారు.

"వద్దండీ, ఉండనివ్వండి. దాని పేరుతో ఇంటికో కాగితం వచ్చి పన్నెండేళ్లయింది."

జీవరత్నం ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, పేరున్న వరస పైకి చదివింది. మళ్లీ చదివింది.