సంగయ్యకు దక్కిన సలాం

జహీరాబాద్‌లోని ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా సంగయ్య పద్నాలుగేళ్లుగా పెద్దసారు బల్ల ముందు నిలబడుతూ వచ్చాడు. చేతులు ఒంటికి అంటించి, భుజాలు దగ్గరికి లాక్కుని, ఊపిరి సగమే పీల్చి నిలబడే ఆ విద్యను ఎవరూ నేర్పలేదు, నౌకరీయే నేర్పింది. తనను చూసి అలా నిలబడే ప్రాణి లోకంలో ఒక్కటైనా ఉండాలని ఆయనకో కోరిక.

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో అది తీరింది. బీదర్ నుంచి తెచ్చిన పచ్చ లవ్‌బర్డ్, సాయంత్రం ఆయన సైకిల్ గంట వినగానే నిటారుగా లేచి, ఈకలన్నీ ఒంటికి అదుముకుని, వేలంత సన్నబడి, రెప్ప వాల్చకుండా నిలబడేది. బుద్ధెరిగాక సంగయ్యకు దక్కిన మొదటి సలాం అదే. గంట రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టాడు. పంజరం ముందు నిలబడి, అచ్చం పెద్దసారులా గొంతు సవరించుకుని, "ఊఁ" అనేవాడు. ఇరుగుపొరుగును పిలిచి ఈ వైభవం చూపించాడు కూడా.

పగలంతా పిట్టతో ఉండేది భార్య సావిత్రమ్మ. మూడు వారాలు చూసి, ఒక శుక్రవారం చాయ్ గ్లాసు ముందు పెట్టి చెప్పింది.

"అది మర్యాద గాదు, బెదురు. మీరు లేనప్పుడు ఈకలు వదులు జేస్కొని ముద్దోలె గూసుంటది. ఒక్క కాలు పొట్టల దాసుకొని, ముక్కు నూరుకుంట కునుకు దీస్తది. గంట ఇనవడంగనే పుల్లోలె అయితది."

పిట్ట మనసు నీకెట్ల తెలుసని సంగయ్య నిలదీశాడు.

"ఎట్ల తెల్వదు? గంట ఇనంగనే నేను గూడ లేచి నిలవడ్తలేనా?"

సంగయ్య చాయ్ చల్లారింది. ఆదివారం రాయికోడ్ నుంచి తన చెల్లెలు చెన్నమ్మ వస్తుందని, అప్పటికీ పిట్ట ఆయన ముందు బెదురుతూనే ఉంటే పంజరంతో సహా ఇచ్చి పంపుతానని సావిత్రమ్మ తీర్పు చెప్పింది. అప్పీలుకు వేరే కోర్టు లేదు.

శనివారం సంగయ్య గంటకు రుమాలు చుట్టి, సందు మొదట్లోనే సైకిల్ దిగి, నడిపించుకుంటూ వచ్చాడు. పంజరానికి పక్కగా నేలమీద కూర్చుని, పిట్టను కాక గోడను చూశాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. గొంతు సవరించుకోవాలనిపించింది; మింగేశాడు. చాలాసేపటికి ఓరకంట చూస్తే పిట్ట ఈకలు పొంగాయి. ఒక కాలు మెల్లగా పొట్టలోకి వెళ్లింది. కటకటమని సన్నగా ముక్కు నూరుకుంటోంది. గడప దగ్గర కాళ్లు చాపుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న సావిత్రమ్మ కూడా లేవలేదు.

మర్నాడు చెన్నమ్మ ఒట్టి చేతులతో వెళ్లింది.

సోమవారం పెద్దసారు పిలిచాడు. బల్ల ముందు నిలబడ్డ సంగయ్య, ధైర్యం చేసి, భుజాలు కొంచెం వదులు చేశాడు. ఊపిరి నిండా పీల్చాడు. సారు కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఏం సంగయ్యా, పానం బాగలేదా?"

"బాగనే ఉంది సార్," అని సంగయ్య ఈకలన్నీ ఒంటికి అదుముకున్నాడు.