మోకాళ్ళ మేస్త్రీ

సబ్‌వూఫర్లు, అంటే దద్దరిల్లే మోత పుట్టించే స్పీకరు పెట్టెలు, బిగించే అతన్ని అందరూ మోకాళ్ళ మేస్త్రీ అంటారు. పెట్టెను ముందు ఇంటాయన కూర్చునే చోట సోఫాలో కూర్చోబెట్టి, పాట పెట్టి, తను గోడల వెంబడి పసిపిల్లాడిలా పాకుతాడు. మోత ఎక్కడ నిండుగా వినబడితే పెట్టెకు అదే చోటు. ప్యాంటుకు మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ అతుకులే. ఇరవై ఏళ్ళలో ఒక్క చోటూ తప్పు చెప్పలేదని అతని గర్వం.

ఆ ఇంట్లో కిటికీ పక్క మూల కుదిరింది. పెట్టెను అక్కడికి మార్చి గోడకు అరచెయ్యి ఆనిస్తే అవతల నుంచి ఎవరో బాదుతున్నట్టు తగిలింది. అవతల గదిలో ఎవరని అడిగాడు. "మా అత్తగారు. మంచాన పడ్డారు. బ్రహ్మచెవుడు లెండి, ఏమీ వినబడదు," అన్నాడు ఇంటాయన. మేస్త్రీ ఆ గదిలోకి వెళ్ళి చూశాడు. ముసలావిడ గుండె పట్టుకుని, "మంచం అదిరిపోతోంది నాయనా, ఆపమను," అంది. అతను తిరిగొచ్చి పెట్టెను ఎదుటి గోడకు జరిపాడు. "అక్కడ మోత తగ్గిందేమిటయ్యా?" అని అడిగాడు ఇంటాయన. "దీని చోటు ఇదేనండి," అన్నాడు నేల చూస్తూ. "మోకాళ్ళతో పాటు చెవులూ అరిగినట్టున్నాయే!" అని ఇంటాయన నవ్వాడు. మేస్త్రీ తన సామాను సర్దుకున్నాడు. బయట తలుపు పట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే, లోపల పెట్టెను మళ్ళీ కిటికీ వైపు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. కాసేపటికి అతని అరచేతి కింద తలుపు అదరసాగింది.