నెత్తళ్ళు వేయించుకోడానికో ఇల్లు

జురాంగ్ వెస్ట్‌లో గంగాధర్, సుభద్ర అద్దెకున్న ఫ్లాటు ఒప్పందంలో పదకొండో షరతు 'లైట్ కుకింగ్ మాత్రమే'. సంతకం పెట్టే రోజున గంగాధర్ దాన్ని చదివి తలూపాడు. లైట్ అంటే ఎంత లైటో అడగలేదు. అడిగితే ఇంటావిడ ఏమనుకుంటుందోనని. ఆయన జీవితంలో సగం పనులు ఎవరో ఏదో అనుకుంటారన్న భయం మీదే నడిచాయి. తక్కిన సగం సుభద్ర నడిపింది.

లైట్ అంటే నీళ్ళు కాచుకోవచ్చు, నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు. ఆవాలు చిటపటమన్నాయంటే అది లైటు కాదు. ఈ సంగతి వాళ్ళకి మెల్లగా తెలిసొచ్చింది. సుభద్రది భీమిలి. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచే ఎండు నెత్తళ్ళ వాసన ఎరిగిన మనిషి. ఏడాదిపాటు ఉగ్గబట్టుకుని, ఒక ఆదివారం ఇక ఆగలేక, టెక్కా మార్కెట్లో పావుకిలో నెత్తళ్ళు కొని తెచ్చింది. కిటికీలు మూసి, గుమ్మం కింద తడి తువ్వాలు దోపి, ఇంట్లో ఉన్న రెండు ఫ్యాన్లూ తిప్పి వేయించింది. పొరుగువాళ్ళెవరో ఫోన్ చేశారు కాబోలు, అరగంటలో ఇంటావిడ దిగింది.

దిగి ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కర్టెన్లు ఒక్కొక్కటే పట్టుకుని వాసన చూసింది. సోఫా మీది దిండెత్తి వాసన చూసింది. గంగాధర్ చొక్కా దాకా ముక్కు తెచ్చి, పోనీలే అన్నట్టు ఆగిపోయింది. గంగాధర్ నాలుగుసార్లు సారీ చెప్పాడు. అందులో ఒకటి దిండుకి.

ఆవిడ వెళ్ళాక సుభద్ర పెనం పక్కనే నిలబడి, "ఏటండీ ఇది? మన తిండి మనం దొంగల్లాగ తినడమేటి?" అంది.

"మనది అద్దిల్లు కదా సుభద్రా. ఆవిడేమనుకుంటుందో చూడాలి కదా."

"చూసేను, చాలు. సెప్టెంబరుకి అగ్రిమెంటు అయిపోతాది. ఇంకో అద్దె గడప నేను తొక్కను. ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ వచ్చింది, ఇద్దరం సంపాదిస్తన్నాం. ఇల్లు కొందాం. మీరు బ్యాంకు లోనుకి కాగితాలు చూసుకోండి, ఇల్లు నేను చూస్తాను."

అది తొంభైతొమ్మిది జూలై. గంగాధర్ ఆఫీసులో బ్యాంకు ప్రోగ్రాములన్నీ తిరగేసి, రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేస్తున్నాడు. జనవరి ఒకటిన ఏం కూలిపోతుందోనని ప్రపంచమంతా బెంగపెట్టుకుంది. సుభద్ర బెంగ సెప్టెంబరు.

ఇళ్ళు చూపించడానికి కనీజ్ ఫాతిమా ఆంటీ కుదిరింది. మలక్‌పేట నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. చేతిలో ఇటికంత ఫోను, భుజాన పెద్ద సంచి, సంచిలో పది ఇళ్ళ తాళాలు. మొదటి రోజే అడిగింది, "చెప్పు బేటీ, నీకేం కావాలె? తూర్పు తలుపా? ఎమ్మార్టీ రైలు దగ్గరా? మంచి ఇస్కూలా?"

"వంటింట్లో గాలి బయటికి పోవాలాంటీ. అంతే."

ఆంటీ నవ్వింది కానీ సుభద్ర నవ్వలేదు. ఏ ఇంటికి వెళ్ళినా హాలు చూడదు, పడగ్గది చూడదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, హ్యాండ్‌బ్యాగులోంచి అగరొత్తి తీసి వెలిగించి, పొయ్యి దగ్గర పట్టుకుని నిలబడుతుంది. బిషాన్‌లో పొగ బారులు తీరి హాల్లోకి నడిచి సోఫా మీద కూర్చుంది. జురాంగ్ ఈస్ట్‌లో కిటికీ దాటిందిగానీ, మలుపు తిరిగి పక్కింటి కిటికీలోకి దూరింది. అవతల ఎవరో దగ్గారు. సుభద్ర అగరొత్తి ఆర్పి, థాంక్యూ చెప్పి వచ్చేసింది. గంగాధర్ మాత్రం వెళ్ళిన ప్రతిచోటా చెప్పుల స్టాండు దగ్గరే ఆగి, అక్కడి చెప్పులను శ్రద్ధగా పరిశీలిస్తుండేవాడు.

పదకొండో ఇల్లు పాసిర్ రిస్‌లో. రైలు ఈ చివర ఎక్కి ఆ చివర దిగాలి. చిన్న ఊరిలాగే ఉంటుంది. ఒక పక్కంతా నీళ్ళు. భీమిలి కెరటాలు చూసిన కంటికి అది సముద్రంలా ఆనదు. స్నానం చేయించి కూర్చోబెట్టిన పిల్లాడిలా బుద్ధిగా ఉంటుంది. దూరంగా చేపలు పెంచే తెప్పలు. ఆరో అంతస్తులో ఇల్లు, వంటింటి కిటికీ సరిగ్గా ఆ నీళ్ళకెదురుగా ఉంది. ఇల్లు అమ్మే చైనీస్ ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుండగా సుభద్ర అగరొత్తి వెలిగించింది. పొగ నిటారుగా లేచి, ఒక్క క్షణం ఆలోచించుకుని, ఎవరో పిలిచినట్టు తిన్నగా సముద్రంవైపు వెళ్ళిపోయింది.

సుభద్ర రెప్పవేయకుండా అటే చూస్తూ ఉండిపోయింది.

ఇల్లమ్మే ఆవిడ మొహంలో రంగు మారింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "కనబడ్డాడా?" అనడిగింది.

"ఎవరు?"

"మా మామగారు. ఈ పొయ్యి పక్కనే పడిపోయాడు. నాలుగేళ్ళయింది. ఇంకా ఉన్నాడా?"

కనీజ్ ఆంటీ సుభద్ర మోచెయ్యి గిల్లి తెలుగులో, "చుప్ ఉండు బేటీ! ధర దిగుతది" అంది.

"పోయిన ముసలాయన మీద అబద్ధమాడతామేటాంటీ, తప్పు కాదూ" అని సుభద్ర మొగుడికేసి చూసింది. "చెప్పండి ఆవిడకి, మాది చేపల వాసన గొడవని."

గంగాధర్ చెప్పుల దగ్గరనుంచి వచ్చి, చెవులు ఎర్రబడుతుండగా, తమ ఇంట్లో ఎండుచేపలు వేయించే అలవాటు, దాని పొగ, ఆ పొగ స్వభావం ఇంగ్లీషులో వివరించాడు. ఆవిడ గుండెమీద చెయ్యేసుకుని పకపకా నవ్వి ముగ్గురికీ బార్లీ నీళ్ళిచ్చింది.

మర్నాడు కనీజ్ ఆంటీ ఫోను. గొంతులో జోరు లేదు.

"బేటీ, ముచ్చట ఖరాబైంది. ఆ బ్లాకుల ఇండియన్ల కోటా నిండిపోయింది. నేను పాత నెల లెక్క చూసిన. తప్పు నాదే."

ఇక్కడ సర్కారు కట్టించిన ఫ్లాట్లలో, ఏ బ్లాకులో ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉండవచ్చో సర్కారు లెక్క కట్టి ఉంచుతుంది. అది నిండాక చైనీస్ వాళ్ళ ఇల్లు మనం కొనడానికి లేదు. మనవాళ్ళది మనవాళ్ళు కొనుక్కోవచ్చు.

"అంటే, ఆ బ్లాకులో ఇండియన్లెవరైనా అమ్మితే?"

"అమ్మితే కొనొచ్చు. కానీ ఎవ్వరూ అమ్ముతలేరు కదా బేటీ. వేరే బ్లాకు చూద్దాం."

వేరే బ్లాకుల వంటిళ్ళన్నీ కార్ పార్కు వైపు తిరిగి ఉన్నాయి. సుభద్ర శనివారం పొద్దున్నే మొగుణ్ణి వెంటేసుకుని మళ్ళీ పాసిర్ రిస్‌లో దిగింది. బ్లాకు వెనక పచ్చికలో నిలబడి తలెత్తింది. ప్రతి వంటింటి కిటికీకీ బట్టలారేసే బొంగులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎవరి బట్టలు వాళ్ళ ఇంటి జెండాల్లా ఎగురుతున్నాయి.

"చీర కనబడితే చెప్పండి. పంచైనా సరే."

గంగాధర్ అటూ ఇటూ చూశాడు. "నేను తలెత్తి ఆడవాళ్ళ బట్టలకేసి చూస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు సుభద్రా?"

"పెళ్ళాం పక్కనుండగా ఏటనుకుంటారు? చూడండి."

నాలుగో అంతస్తులో నీలం గళ్ళ లుంగీ కనబడింది. అంతేకాదు, ఆ కిటికీలోంచే గాలిలో తేలుతూ కమ్మటి వాసన. సుభద్ర ముక్కు తప్పు చెయ్యదు. నెత్తళ్ళు వేగుతున్నాయి! మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

తలుపు తీసినాయనకి అరవై ఏళ్ళుంటాయి. అలాంటిదే ఇంకో గళ్ళ లుంగీ కట్టుకున్నాడు. సుభద్ర ఉబ్బిపోయి, నమస్కారం పెట్టి, "మీరు ఇండియన్సే కదండీ? ఇల్లేమైనా అమ్ముతారా?" అని ఇంగ్లీషులో అడిగేసింది.

ఆయన తన నడుముకేసి చూసుకున్నాడు. "మేము మలయ్ వాళ్ళం. ఇది సారంగ్. అమ్మేది సారంగా, ఇల్లా?"

లోపల్నుంచి వాళ్ళావిడ నవ్వు వినబడింది. గంగాధర్ గోడలోకి దూరిపోదామని చూశాడుగానీ గోడ ఒప్పుకోలేదు. సుభద్ర మాత్రం, "మరి ఆ వేగేవి?" అంది.

"ఇకాన్ బిలిస్. రోజూ మాకు ఇదే మకాన్, ఇదే తిండి." ఆయన లోపలికెళ్ళి స్పూనులో పట్టుకొచ్చాడు. అవి నెత్తళ్ళే. ఎండుమిరప ముద్ద పట్టించి వేయించినవి. సుభద్ర కళ్ళు మూసుకుని తింది. "ఇండియన్ ఇల్లంటే ఎనిమిదో అంతస్తు, తారా ఆంటీ. కొడుకు దగ్గరికి బిషాన్ పోతానని రెండేళ్ళుగా చెప్తోంది. పోదు" అన్నాడాయన.

తారాదేవికి డెబ్భై దాటాయి. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. తాత పలాస ప్రాంతం నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చాడట. తెలుగు మాట వినగానే ఇనుప గేటు బార్లా తీసింది.

"ఉళ్ళ రండమ్మా, లోపల కూకోండి. నా తెలుగు మా తాత కాలంది, నవ్వకూడదు."

వంటిల్లు ఆరో అంతస్తు వంటింటికి సరిగ్గా పైన. కిటికీ నిండా నీళ్ళు. సుభద్ర తన కథ ఉన్నదున్నట్టు చెప్పింది. అగరొత్తి వెలిగించింది. పొగ బుద్ధిగా సముద్రంలోకి పోయింది. తారాదేవి పొగనీ, సుభద్ర మొహాన్నీ మార్చి మార్చి చూసి, మోకాళ్ళు పట్టుకుని నవ్వింది.

"ఏ ఊరన్నావు? భీమిలా? సముద్రం ఒడ్డున పుట్టి ఇది తెల్దా అమ్మాయీ? ఇది జూలై. డిసెంబర్‌లో గాలి తిరుగుతాది. సముద్రం మీంచి ఇంట్లోకొస్తాది. వంటింట్లో వాసనంతా హాలు దాటి, వరండా పొడుగునా పోయి, ప్రతి తలుపూ తడతాది. మార్చి దాకా అంతే."

సుభద్ర చేతిలో అగరొత్తి నుసి నేల రాలింది. రుతుపవనాల దేశంలో పుట్టి, పదకొండిళ్ళు తిరిగి, ఒక్కసారైనా ఈ ఆలోచన రాలేదు. గంగాధర్ కూడా పాపం నవ్వలేదు.

"మరి ఆ నాలుగు నెలలూ మీరేం చేస్తారు?"

"ఏటి చేస్తాను? ఎండుచేప ముట్టను. కొత్తలో ఒకాయన కంప్లైంట్ పెట్టాడు. నాలుగో తలుపు. అప్పటినుంచీ చలికాలం వేపుడు లేదు. పదేళ్ళయింది."

"ఆయన ఇంకా ఉన్నాడాండీ?"

"ఏడీ, పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడున్నోళ్ళెవరో నాకు తెల్దు."

గంగాధర్ మెల్లగా, "సుభద్రా, పోనీ ఇంకో అద్దిల్లు చూసుకుందాం. సొంతింట్లో ఈ బాధెందుకు?" అన్నాడు.

సుభద్ర, పోయినాయనకి భయపడి ఎనిమిది చలికాలాలు పెనం బోర్లించిన ఆడమనిషిని చూస్తోంది. ఇల్లు ఈవిడదే, పొయ్యి ఈవిడదే. పదకొండో షరతు మాత్రం ఎవరూ రాయకుండానే ఉంది. ఈ ఇల్లు వదిలి ఇంకోటి చూసుకున్నా, ఆ ఇంటికీ నాలుగో తలుపొకటి ఉంటుంది.

"ఆంటీ, మీరు ఇల్లు నాకిస్తారా?"

"గాలి సంగతి చెప్పినాక కూడానా?"

"ఇస్తానంటే చెప్పండి. ముందు నాకో పని ఉంది." హ్యాండ్‌బ్యాగు తెరిచి, నిన్న టెక్కాలో కొన్న నెత్తళ్ళ పొట్లం తీసింది. "రండి, ప్రతి తలుపూ కొడదాం. డిసెంబర్లో వాసనొస్తాదని ఇప్పుడే చెప్పేస్తాను. తర్వాత సారీలు చెప్పలేను."

"వరండా అంతానా!" గంగాధర్ గుమ్మానికి అడ్డం వచ్చాడు. "ఏమనుకుంటారు?"

"అదే కదా తెలుసుకుందామంటున్నాను."

మొదటి తలుపు చైనీస్ అవ్వది. ఇంగ్లీషు రాదు. సుభద్ర పొట్లం విప్పి ముక్కు దగ్గర పట్టింది, పెనంలో తిప్పినట్టు చెయ్యి తిప్పింది, ఊది గాలి చూపించింది. అవ్వ ఒక నెత్తలి తీసి వాసన చూసి, పెదవి విరిచి లోపలికెళ్ళింది. అయిపోయిందనుకున్నాడు గంగాధర్. అవ్వ ఒక సీసా పట్టుకుని తిరిగొచ్చింది. అందులో అరచేతంత ఉప్పుచేప ముక్కలు. మూత తీసి సుభద్ర ముక్కుకి పెట్టింది. ఇదీ వాసనంటే, అన్నట్టు. రెండో ఇంటి కుర్రజంట, "ముందు చెప్పండి, కిటికీ వేసుకుంటాం" అన్నారు. మూడో ఇంట్లో ఎవరూ లేరు.

నాలుగో తలుపు దగ్గర తారాదేవి కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ వెనకే నిలబడిన గంగాధర్ ఏమనుకున్నాడో ఏమో, ముందుకొచ్చి తనే బెల్లు నొక్కాడు. నొక్కి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

కళ్ళద్దాలాయన తలుపు తీశాడు. అంతా విని, నవ్వకుండా, "నాకు చేపల వాసన పడదు. వాసనొస్తే నేను కంప్లైంట్ చేస్తాను" అన్నాడు.

గంగాధర్ నోటిదాకా సారీ వచ్చింది. సుభద్ర ముందే అందుకుంది.

"చెయ్యండి సార్. మీ ఇష్టం మీది. నేను ఆదివారాలే వేయిస్తాను, పదిన్నరకి. ఆ టైముకి మీరు మార్కెట్‌కి వెళ్ళొచ్చు. కంప్లైంట్ రాస్తే పేరు సరిగ్గా రాయండి. సుభద్ర. ఎనిమిదో అంతస్తు."

ఆయన "ఆదివారం పదిన్నర" అని తనలో తానే అనుకుని తలుపేసుకున్నాడు. ఒప్పుకున్నాడో, రాసుకున్నాడో తెలియలేదు.

తారాదేవి వెనక్కి తిరిగి గబగబా ఇంట్లోకి నడిచింది. డెబ్భై దాటిన మోకాళ్ళు అంత వేగంగా నడవడం గంగాధర్ అంతవరకూ చూడలేదు. సొరుగులోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టింది.

"ఆ ఏజెంటమ్మని కాగితాలట్టుకుని రమ్మను" అంది.