కుంకుమ రంగు దుకాణం

కట్టబోయే భవనం నెలనెలా ఎలా లేస్తుందో ఇప్పుడు కంప్యూటర్ తెరమీద రంగులు మార్చి చూపిస్తున్నారు. కూల్చేదానికో రంగు, కడుతున్నదానికో రంగు. మంచిదే. కానీ ఆ పని నేను ఎనభైలలోనే హనుమకొండలో కట్టెముక్కలతో చేశాను. నమ్మనివాళ్లకు కూడా చెబుతాను, నాకు మొహమాటం లేదు.

అప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర నక్షాలు గీసేవాణ్ని. బజారులో పెంకుటి కప్పుల దుకాణాల వరుస తీసేసి కొత్త మార్కెటు కట్టాలి. వ్యాపారులంతా సరేనంటేనే పని మొదలు. అందరూ సరేనన్నారు, మూలమీద పసుపు కుంకుమలు అమ్మే అవ్వ తప్ప. బతుకమ్మ, దసరా రోజుల్లో దుకాణం మూతపడితే గిరాకీ పక్క బజారుకు పోతుంది, పోయింది మళ్లీ రాదు. అదీ ఆమె భయం. నక్షా చూపిస్తే, "గీతల మీద కూసోని అమ్మాల్నా బిడ్డా?" అంది.

అందుకే నమూనా చేశాను. ఏటూరునాగారం టేకు, పులి గోళ్లు గీకిన చెట్టుది. ఆ వాసనకు వీధిలో పిల్లులు మా ఆఫీసు వైపు రావడం మానేశాయి. దుకాణానికో ముక్క, ముక్కలకు రంగు కాగితపు తొడుగులు. కూల్చేదానికి ఎరుపు, తాత్కాలిక రేకుల షెడ్డుకు పసుపు, కడుతున్నదానికి ఆకుపచ్చ. ఆ నెల పని లేనిది ఒట్టి కట్టె. నెలకోసారి తొడుగులు మారిస్తే మార్కెటు కళ్లముందే లేస్తుంది.

అందరినీ పిలిచి మొదటి నెల చూపించాను. బట్టల సేటు ముక్క ఎర్రగా మెరిసింది. అవ్వది ఒట్టి కట్టె.

"ఆయనకు కుంకుమ రంగేసి నాకు ఒట్టి కట్టె వెడ్తవా? కుంకుమ అమ్మేది నేనా, ఆయనా?" అంది అవ్వ.

సేటు మీసం సవరించుకున్నాడు. వెనక నుంచి గిన్నెల దుకాణం ఆయన, "నాది గూడ ఎరుపు జెయ్యి తమ్మీ, జర మంచిగ కనవడాలె" అన్నాడు.

"ఎరుపంటే కూలగొట్టేదన్నట్టు" అన్నాను.

సేటు తన తొడుగు తనే ఊడబీకాడు. "కూలేదానికి కుంకుమ రంగు ఎవడన్న వెడ్తడా? నేనొప్పుకోను పో." సరేనన్నవాళ్లంతా ఆయన వెంటే లేచారు. కాంట్రాక్టరు నన్ను చూసిన చూపుకు ధర్మసాగర్ చెరువు మరిగిపోయేది.

తెలుపు వేస్తే ఇంకా అశుభం. చేతికి దొరికింది నక్షాలకు వాడే పల్చటి ట్రేసింగు కాగితం. సేటు ముక్కకు చుట్టాను. అది మంచులో ఉన్నట్టు మసకబారింది.

"రంగే లేదు సేటూ. జరసేపు అగపడది, గంతే. కొత్తది తయారైనంక ఎరుపు."

సేటు కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

"మరి నా సంగతేంది?" అంది అవ్వ.

ఎండాకాలం ఆమె ముక్కకు ట్రేసింగు కాగితం చుట్టి, ఎదురుగా పసుపు షెడ్డు పెట్టాను. "గప్పుడు గీ షెడ్డుల అమ్ముతవ్." వానాకాలం ఆమె ముక్కకు ఆకుపచ్చ తొడిగాను, షెడ్డు కదపలేదు. బతుకమ్మ ముందు షెడ్డు తీసి, ఆమె ముక్కకు ఎర్ర తొడుగు వేశాను. "ఒక్కదినం గూడ మూతవడది అవ్వా. ఫికర్ చెయ్యకు."

ఆమె ముక్కను చేతిలోకి తీసుకుంది. కొంగుముడిలోంచి చిటికెడు కుంకుమ తీసి ముక్కకు బొట్టు పెట్టింది. "గిది నేను పట్టుకపోతాన. పండుగకు గిట్ల లేకుంటె, మీ ఆఫీసు గడపల కూసోనే అమ్ముత."

బతుకమ్మకు ఆమె కొత్త దుకాణంలోనే కూర్చుంది. నా కట్టెముక్క దీపం పక్కన ఉంది. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "నా దుకాణం ముందుగాల కట్టింది గీ పిలగాడే, మేస్త్రీలు గది సూసి కట్టిన్రు" అంది.

నేను కాదనలేదు. కాదనడానికి మేస్త్రీలు అక్కడ లేరు.